మెత్తటి అంచుల టైర్లు

ఆ రోజుల్లో ఒక్కొక్కరికి ఒక్కొక్క పిచ్చి ఉండేది. ఏ పిచ్చీ లేనోళ్లను చూస్తే మాకు జాలి పుట్టేది. నా దోస్తుల్లో ఒకామెకు పోటీ పరీక్షల పిచ్చి (ఇంకా రాస్తనే ఉంది), ఇంకొకామెకు చెవి కమ్మల పిచ్చి. నాకు టైర్ల పిచ్చి పట్టింది. బండి పిచ్చి అనుకుంటరేమో, కాదు. బండి మా అన్నది. హైదరాబాద్‌ల నౌకరీ దొరికినంక ఆ ట్రాఫిక్‌ల నడపడం నాతోని కాదని గద్వాలల మా ఇంటి ముందర వదిలిపెట్టి పోయిండు. అదే ఏడు నాకు వ్యవసాయ విస్తరణ అధికారిగా ఉద్యోగమొచ్చింది. నాగర్‌కర్నూల్ దిక్కు ఊర్లు నావి, వనపర్తిల కిరాయి గది, ఆదివారమొస్తే గద్వాల. బస్సుల మీద తిరిగితే రైతు మొఖం చూసేసరికి పొద్దు గూకుతదని ఆ బండి నేర్చుకున్న. కొన్నాళ్లకు ఊర్లల్ల నన్ను పేరుపెట్టి పిలిచేటోళ్లు తక్కువైపోయిండ్రు, 'బండి మేడం' అంటేనే తెలిసేది.

మా దిక్కు రోడ్ల సంగతి మీకు తెలిసే ఉంటది. దారం పట్టి గీసినట్టు ఉంటయి. ఇటు చేన్లు, అటు చేన్లు, నడుమ రోడ్డు, ఎంత దూరం పోయినా బండి నిటారుగ నిలబడే పోతది. పొద్దుందాక గట్ల నిటారుగ పోయి, పొద్దుమీకి గదికొచ్చి ఫోన్‌ల రేసు వీడియోలు చూసేదాన్ని. మలుపుల కాడ ఆ బండ్లు నేలకు ఒరుగుతుంటయి, నడిపేటోని మోకాలు రోడ్డును తాకుతది, మళ్ల ఏమీ కానట్టు లేచి పోతయి. అంతగనం వంగి గూడ పడిపోకుండ ఎట్లుంటదో ఒక్కసారి తెలుసుకోవాలని నాకు ప్రాణం కొట్టుకునేది. ఎందుకంటే చెప్పలేను. పెండ్లి సంబంధాలు చూస్తున్న పిల్ల, పత్తి చేన్ల గులాబీ పురుగు లెక్కపెట్టే పిల్ల, ఆమెకు గింత కోరిక ఎందుకో నాకే తెల్వదు.

అట్లాంటప్పుడు ఫోన్‌ల ఒక కబురొచ్చింది. కర్నూలు దాటి ఇంకా కిందికి పోతే, రాళ్ల గుట్టల నడుమ ఒక చిన్న రేసు ట్రాక్ ఉందట. ఎవరి బండి వాళ్లు తెచ్చుకొని ఒక దినమంతా నడుపుకోవచ్చట. పోటీ లేదు, బహుమతి లేదు, ఆడ మగ తేడా లేదు. నేను చదివిన వెంటనే పేరిచ్చిన. తర్వాత అమ్మకు చెప్పిన (ఈ వరుస తప్పని అమ్మ ఇప్పటికీ అంటది). అన్న ఏమో, బండి అమ్మకానికి పెట్టిన, దసరా దాటితే కొనేటోళ్లు వచ్చి తీస్కపోతరని చల్లగ చెప్పిండు. అంటే ఉన్నది ఆ ఒక్క అవకాశమే. అమ్మ రెండు దినాలు కోపమంత గిన్నెల మీద చూపింది. చివరికి, పొయ్యేది పోతివి గని ఒక్కదానివి పోవద్దు, చిన్నమ్మను ఎంట తీస్కపో అన్నది.

చిన్నమ్మ అంటే మా అమ్మకు చెల్లెలు. పెండ్లయిన కొత్తలనే అత్తగారింటి నుంచి తిరిగొచ్చి, ఎందుకొచ్చిందో ఎవ్వరికీ చెప్పకుండ, మా ఇంట్లనే మగ్గమేసుకొని చీరలు నేసుకుంట ఉండె. మగ్గం గుంటల కాళ్లు పెట్టి కూసుంటే మళ్ల లేచేది అన్నం యాళ్లకే. ఏదీ అడిగే మనిషి కాదు. ట్రాక్‌కు వస్తవా అంటే, అక్కడ నీళ్లు దొరుకుతయా అని మాత్రం అడిగింది.

ఇక టైర్లు. బండికున్న టైర్లు అన్న కాలం నాటివి, నడుమ అరిగి రొట్టె లెక్క చదునైనయి. కొత్తవి వెయ్యకుంటే ట్రాక్ మీదికే రానియ్యరు. ఏ టైర్లు వెయ్యాల్నో అడుగుతే చెప్పనోడు లేడు. మా ఆఫీసు సార్ రిటైర్ అయ్యేదాక అరగని రకం చూసుకొమ్మన్నడు (ఎవరి రిటైర్‌మెంటో చెప్పలేదు). వానాకాలం చేన్లకు వచ్చే బండికి ట్రాక్టర్ టైరు లెక్క పండ్లు పండ్లుగ గాట్లు ఉండాలని రైతులు అన్నరు. ఒక పెద్దమనిషి ఆయన ట్రాక్టర్ టైరు కాడికి తీస్కపోయి, ఇగో గిట్లాంటిది అని చెయ్యి పెట్టి చూపించిండు. నా మనసంత రేసు టైర్ల మీదనే ఉంది. గీతలు లేని, నున్నటి, వేలు పెడితే అంటుకునేంత మెత్తటి రబ్బరు.

కొత్తకోటల హైవే మీద ఒక టైర్ల దుకాణం ఉంటే, అక్కడికి పొద్దున పోయి మధ్యాహ్నం దాక కూసున్న. దుకాణం అన్న ఓపికమంతుడు. మెత్త రబ్బరు రోడ్డును గట్టిగ పట్టుకుంటది గని జల్ది అరుగుతదని, గట్టి రబ్బరు ఏండ్లకేండ్లు వస్తది గని వంచితే జారుతదని, గీతలు లేని టైరుతోని వానల పోతే మనిషి ఒక దిక్కు బండి ఒక దిక్కు పోతదని, అన్నీ విడమరిచి చెప్పిండు. నేను మళ్ల మళ్ల రేసు టైరు దిక్కే చూస్తున్న. ఆయనకు చెప్పి చెప్పి యాష్ట వచ్చినట్టుంది.

"ట్రాక్‌కు పోయేది ఒక్క దినం మేడం," అన్నడు. "మిగతా దినాలన్నీ నాగర్‌కర్నూలే గద."

ఆ మాట నాకు ఎక్కడో తాకింది. నిజమే గని, అంత నిజం ఆ వయసుల వినబుద్ధి కాదు. నా మొఖం చూసి ఆయన లోపలికి పోయి ఇంకో రకం తెచ్చిండు. అది నడుమ గట్టి రబ్బరు, రెండు అంచులకు మెత్త రబ్బరు. నిటారుగ పోయేటప్పుడు నడుమ భాగం నేలకు ఆనుతది, అరగదు. వంగినప్పుడు అంచు ఆనుతది, పట్టుకుంటది. వానకు గీతలు గూడ ఉన్నయి. ఆలోచించుకొని చెప్తనని ఇంటికొచ్చిన.

అన్నం తినుకుంట చిన్నమ్మకు ఆ టైరు సంగతి చెప్పిన. ఆమె ముద్ద ఆపి విన్నది.

"నడుమ నూలు, అంచుకు పట్టు. మన చీరనే గదనే," అన్నది. మళ్ల ముద్ద కలుపుకుంట, "ఆ రెండిటిని ఎట్ల కలిపిండ్రో అడిగినవా? మాకైతే పనంత ఆడనే ఉంటది," అన్నది.

నేను అడగలేదు. తెల్లారి పోయి అడిగిన. దుకాణం అన్న ఆ టైరును ఎత్తి, తిప్పి, వెలుతురుకు పెట్టి, గోరుతోని గీకి చూసిండు. అతుకు ఎక్కడా కనబడలేదు. కంపెనీవాళ్లే కలుపుతరు మేడం అని ఊరుకున్నడు. అవే వేయించిన. (అతుకు కనబడలేదని చెప్తే చిన్నమ్మ, అట్లయితే మంచి పనోళ్లే అన్నది. కంపెనీకి అంతకు మించిన మెప్పు ఎవరూ ఇచ్చి ఉండరు.)

కొత్త టైర్ల మీద నూనె లెక్క నునుపు ఉంటదని, మెల్లగ నడిపి దాన్ని పోగొట్టాలని, అంచులు గూడ రోడ్డుకు తాకాలని దుకాణం అన్న చెప్పి పంపిండు. నడుమ భాగం వారం తిరగకముందే తయారైంది. అంచులకే చిక్కొచ్చింది. వనపర్తి నుంచి నాగర్‌కర్నూల్ దాక అంచు నేలకు తాకే మలుపు ఒక్కటి లేదు. మలుపుల కోసం మన్ననూర్ పోవాల్సొచ్చింది. నల్లమల అడవిల ఘాట్ రోడ్డు, మలుపు మీద మలుపు. ఎనక చిన్నమ్మ. నేను బండి కుడికి వంచితే ఆమె భయానికి ఎడమకు ఒరుగుతది, ఎడమకు వంచితే కుడికి. ఇద్దరం కలిసి త్రాసు లెక్క ఊగుకుంట, బండిని నిటారుగనే ఘాట్ ఎక్కించినం. పైకి పోయి మళ్ల కిందికి, కిందికొచ్చి మళ్ల పైకి. చెక్‌పోస్ట్ కాడ ఫారెస్ట్ సార్ కొంచెంసేపు చూసి ఆపిండు. ఎవరి కోసం వెతుకుతున్నరు మేడం అని మర్యాదగనే అడిగిండు. టైర్ల అంచులు అరగాలె సార్ అన్న. ఆయన టైరు దిక్కు చూసిండు, చిన్నమ్మ దిక్కు చూసిండు. ఇది పులులుండే తావు, మెల్లగ పోవాలె, జంతువులు అడ్డం వస్తయి అన్నడు. మెల్లగనే పోతున్నం సార్, మెల్లగ పోతేనే పరేషాన్ అయితుంది అన్నది చిన్నమ్మ. ఆయన నవ్వాపుకొని ఇంటికి పొమ్మన్నడు.

ట్రాక్ దినం రానే వచ్చింది. తెల్లారగట్ల బయల్దేరి, ఎండ ముదరకముందే చేరినం. అక్కడున్నోళ్లంత బెంగళూరు, హైదరాబాద్ పిలగాండ్లు. కొందరి బండ్లు వ్యాన్‌లల్ల వచ్చినయి, టైర్లకు వెచ్చగుండేటందుకు దుప్పట్లు కప్పిండ్రు. మా బండి మాత్రం మట్టి మడుగులు దాటుకుంట, డబ్బాల పులిహోరతోని వచ్చింది. ట్రాక్ వాళ్లిచ్చిన తోలు సూటు నాకంటే పెద్దగున్నది, లోపల ఇంకొకరికి తావుంది. చిన్నమ్మ సంచిల నుంచి గుడ్డపీలిక తీసి నడుముకు బిగించి కట్టింది. నేర్పే ఆయన కన్నడం కలిసిన తెలుగు మాట్లాడేటాయన. వేడెక్కితే లోపలి గాలి పెరుగుతదని టైర్ల గాలి జర తీయించిండు. వేలితోని టైరు అంచు తడిమి, ఇది ఇంకా కొత్తగనే ఉంది, మీ ఊర్ల వంకరలు లేవా అని అడిగిండు. లేవన్న. మలుపుల నేలను చూడొద్దు, మలుపు ఎక్కడ అయిపోతదో అక్కడ చూడు, బండి నీ కండ్ల ఎంట వస్తది అన్నడు.

మొదటిసారి భయంతోనే తిరిగిన. అందరూ నన్ను దాటి పోయిండ్రు, ఒకడైతే చెయ్యి ఊపి మరీ పోయిండు. రెండోసారీ అంతే. మూడోసారి ఒక పొడుగాటి కుడి మలుపు కాడ, ఏమనుకున్ననో, నేల దిక్కు చూడడం మానేసి దూరంగ గుట్ట దిక్కు చూసిన. బండి ఒరిగింది. ఇంకా ఒరిగింది. కాలు పెట్టుకునే రాడ్డు నేలకు గీసుకొని కర్రుమన్నది. అయిపోయింది, పడ్డ అనుకున్న. పడలేదు. ఆ మెత్తటి అంచు రోడ్డును పట్టుకొని నన్ను మోస్కపోతుంది, నా కింద ఎవరో చెయ్యి పెట్టినట్టు. హెల్మెట్ లోపల ఎవరో గట్టిగ నవ్వుతున్నరు, అది నేనేనని తెలిసేసరికి మలుపు దాటిన. కంచె కాడున్న చిన్నమ్మ మాత్రం నేను పడ్డననే అనుకొని పెట్టిన కేకకు అందరూ అటే చూసిండ్రట.

మధ్యాహ్నానికి మబ్బు పట్టి వాన మొదలైంది. నున్నటి రేసు టైర్లోళ్లంత బండ్లు లోపల పెట్టి చాయ్ తాగుకుంట కూసున్నరు. గీతలున్న టైర్లోళ్లు కావాల్నంటే మెల్లగ తిరగొచ్చన్నరు. లేచింది నేనొక్కదాన్నే. ఖాళీ ట్రాక్, నల్లగ మెరిసే రోడ్డు, వేడి నేల మీద వాన పడి పైకి లేస్తున్న ఆవిరి. నన్ను దాటిపొయ్యేటోడు లేడు, చూసేటోడు లేడు. ఎన్ని సుట్లు తిరిగిన్నో తెల్వదు. మళ్ల ఎన్నడూ నేను అంత ఒంటరిగ, అంత సంతోషంగ లేను.

ఆగి హెల్మెట్ తీస్తే, కొంగు తలమీద కప్పుకొని చిన్నమ్మ దగ్గరికొచ్చింది.

"నన్ను గూడ ఒక్క సుట్టు తిప్పుతవా బిడ్డా?"

నేను పుట్టినప్పటి సంది ఆమె నోటెంట తనకోసం ఏదన్న అడగడమన్నది వినలేదు. ఉరుక్కుంట పోయి నేర్పే ఆయనను బతిమాలిన. ఆయన ఆమె దిక్కు చూసి శానాసేపు ఆలోచించిండు. ట్రాక్ మీద ఒక బండికి ఒక్కరే, ఏమన్న అయితే మొత్తం మూతపడతదమ్మా అన్నడు. పోనియ్, వాళ్ల కష్టం వాళ్లది అని చిన్నమ్మ పులిహోర డబ్బా కడిగి సంచిల పెట్టింది.

వాపస్ వచ్చేటప్పుడు గుట్టలు కనబడినంత దూరం ఆమె ఎనక్కి మళ్లి మళ్లి చూసింది. గద్వాల దగ్గరపడ్డది, ఇంకా ఎల్తురుంది, ఊరు మొదట్ల చౌరస్తా వచ్చింది. గుండ్రంగ దిమ్మె కట్టిన చౌరస్తా. ఇంటికి మలపాల్సిన కాడ మలపలేదు నేను. దిమ్మె సుట్టు తిరిగిన. ఏంది, దారి తప్పినవా అన్నది. లేదు, గట్టిగ పట్టుకో అన్న. రెండోసారి తిరిగేటప్పుడు ఆమెకు అర్థమైంది. మూడోసారికి నా నడుము పట్టుకొని, బండి ఎటు ఒరిగితే అటే ఒరిగింది, మగ్గం మీద పడుగుకు వంగినంత సులువుగ. ఇంకొక సుట్టు అన్నది. ఇంకొకటి అన్నది. అరటిపండ్ల బండోడు అమ్మడం ఆపి చూస్తున్నడు. చివరికి ట్రాఫిక్ కానిస్టేబుల్ చెయ్యెత్తి ఆపి, ఎటు పోవాలమ్మా మీరు అని అడిగిండు. ఎటూ పోవద్దు సార్ అన్నది చిన్నమ్మ, ఎనక నుంచి, రొప్పుకుంట.

దసరా దాటంగనే బండి పోయింది. నాకు బదిలీ అయింది, పెండ్లయింది, పదోన్నతి వచ్చింది, ఆఫీసు జీపు వచ్చింది. జీపు ఎటూ ఒరగదు.

మొన్న కర్నూలు అవతల ఒక శిక్షణకు పోయి వస్తుంటే ఆ రాళ్ల గుట్టలు కనబడ్డయి. డ్రైవర్‌ను జీపు మలపమన్న. గేటు ఉంది, ట్రాక్ లేదు. అంటే ఉంది గని, దాని మీదంత మిరపకాయలు ఎండబోసిండ్రు. ఆ చివర నుంచి ఈ చివర దాక ఎర్రగ పరిచినట్టుంది. కావలి ఆయన లేచొచ్చి, కాయలు చూడనీకె వచ్చినవా అమ్మా, మంచి సరుకు అన్నడు. ఊరికెనే చూసి పోత అన్న. చెప్పులు ఇడిచి, కాయలు తొక్కకుండ పక్కపొంటి నడుచుకుంట ఆ పొడుగాటి కుడి మలుపు దాక పోయిన. ఎంత దూరమో అనుకున్న గని, నడిస్తే ఇంతే ఉంది. ఘాటుకు తుమ్ములొచ్చినయి. అక్కడి నుంచే చిన్నమ్మకు ఫోన్ చేసి సంగతి చెప్పిన. ఆమె, తొడిమెలు ఆకుపచ్చగున్నయా చూడు, మంచిగుంటే కారానికి రెండు కిలోలు పట్టుకరా అన్నది.

ఫోన్ పెట్టేసి ఆ మలుపు చివరన, గుట్ట దిక్కు చూసుకుంట నిలబడ్డ. గుడ్డపీలిక కట్టిన పెద్ద సూటు వేసుకొని, పడలేదని తనలో తనే నవ్వుకుంట ఒక పిల్ల ఆ మలుపు తిరిగి వస్తే ఎంత బాగుండు అనిపించింది. ఆపి మాట్లాడదామని కాదు. ఎట్లనూ ఆగదు ఆ పిల్ల, నాకు తెల్సు.