అమ్మ గొంతు దిగిన మెట్టు

నా చిన్నప్పుడు ఒక నెల రోజులు నేను బడికి వెళ్లలేదు. జబ్బు చేసింది నాకు కాదు. అమ్మని ఒంటరిగా వదలొద్దని, ఎప్పుడూ ఆమె కనపడేలా కూర్చోమని నాన్న చెప్పాడు. ఎందుకని నేను అడగలేదు. మా వీధి చివర నుంచి బందరు కాలువకి పది నిమిషాల నడక. డ్యూటీకి వెళ్తూ నాన్న అటువైపు ఒకసారి చూసి, మళ్లీ నా వైపు చూశాడు. నాకప్పుడు పదేళ్లు. ఆ చూపు అర్థం కావడానికి ఆ వయసు సరిపోయింది.

మేం పటమటలో ఉండేవాళ్లం. ఇప్పుడు అక్కడ అపార్ట్‌మెంట్ల మధ్య ఎండ పడటమే కష్టంగా ఉంది గానీ, అప్పట్లో పెంకుటిళ్లు, వాటి వెనక వరి చేలు. నాన్న బస్సు డిపోలో మెకానిక్. అమ్మ మా వీధి చర్చిలో పాటలు పాడేది. ఊరికే పాడేది అంటే సరిపోదు. ఆదివారం ఆమె ఎత్తుకునేదాకా ఎవరూ నోరు విప్పేవాళ్లు కాదు. చర్చికి రాని పక్కింటి మామ్మగారు కూడా అమ్మ సాయంత్రం పాడుతుంటే పొయ్యి మీద ఏముందో మర్చిపోయి గోడ పక్కన నిలబడేది.

నాకు హార్మోనియం నేర్పింది అమ్మే. నేను తడబడకుండా మెట్ల మీద పెన్సిలుతో సా, రి, గ, మ అని రాసిపెట్టింది. అన్నీ తెల్ల మెట్ల మీదే పడ్డాయి, ఒక్క ని మాత్రం నల్ల మెట్టు మీద పడింది. నలుపు మీద పెన్సిలు కనపడదని అక్కడ సున్నంతో చుక్క పెట్టింది. ఆ రాతలే నాకు సంగీతం. సా అంటే ఆ మెట్టు. లోకంలో ఎవరు పాడినా ఆ మెట్టు దగ్గరే మొదలుపెడతారని నా నమ్మకం.

ఆ ఏడాది అమ్మ మెడ దగ్గర ఒక గడ్డ లేచింది. ముందు చింతగింజంత ఉండేది, తర్వాత నిమ్మకాయంత అయింది. అమ్మ అన్నయ్య, అంటే మా మామయ్య, గవర్నర్‌పేటలో పెళ్లి బ్యాండులో క్లారినెట్ వాయించేవాడు. ఆలస్యం చేయొద్దని, ఆపరేషన్ చేయించాల్సిందేనని పట్టుబట్టి, ఆయనే దగ్గరుండి ఆసుపత్రిలో చేర్పించాడు. గడ్డ తీసేశారు. అమ్మ బతికింది. కానీ కట్టు విప్పాక ఆమె నన్ను పిలిస్తే, ఎవరో మగమనిషి పక్క గదిలోంచి పిలిచాడనుకున్నాను. గొంతులో నరం దెబ్బతిన్నదనీ, కొంత బాగుపడొచ్చు గానీ పాత గొంతు రాదనీ డాక్టరుగారు నాన్నతో చెప్పారు. నాన్న అమ్మకి చెప్పలేదు. అయినా ఆమెకి తెలిసిపోయింది.

తర్వాత అమ్మ చర్చి మానేసింది. కొన్నాళ్లకి మాటలు మానేసింది. ఆఖరికి అన్నం కూడా సరిగా తినేది కాదు. గోడ వైపు తిరిగి పడుకుని ఉండేది. పాస్టరుగారు వచ్చి ప్రార్థన చేస్తే కళ్లు మూసుకునేది. మెడ దగ్గర మచ్చ మీద వేళ్లు పెట్టి, అక్కడ ఏదో వెతుకుతున్నట్టు తడుముకునేది. ఆసరికే నాన్న నన్ను బడి మానిపించాడు.

పదేళ్ల పిల్లకి తోచిన వైద్యం ఒక్కటే. అమ్మ పాడితే బతుకుతుంది. కాబట్టి పాడించాలి. రోజూ మధ్యాహ్నం హార్మోనియం ముందు కూర్చుని, ఆమెకి ఇష్టమైన పొద్దుటి ప్రార్థన పాట, ఆమె రాసిన సా దగ్గర నుంచే వాయించేదాన్ని. వారం రోజులు ఆమె కదల్లేదు. ఎనిమిదో రోజు లేచి వచ్చి నా పక్కన కూర్చుంది. పాట ఎత్తుకుంది. సా దగ్గరే మెడ నరాలు బిగుసుకున్నాయి. గ దగ్గరికి వచ్చేసరికి గొంతు చీలిపోయి, తుప్పు పట్టిన గొళ్లెం లాగినట్టు ఒక చప్పుడు వచ్చింది. అమ్మ ఆ చప్పుడుకి తనే బెదిరిపోయింది. హార్మోనియం మూత దించింది. "దీన్ని చర్చికిచ్చెయ్యమని నాన్నకి చెప్పు," అని వెళ్లి పడుకుంది. ఆ రోజూ మర్నాడూ మెతుకు ముట్టలేదు.

నేనే అమ్మని చంపుతున్నానని అనుకున్నాను. ఆ మాట ఎవరితో చెప్పుకోవాలి? నాన్నతో చెబితే ఆయనే కూలబడిపోయేలా ఉన్నాడు. ఆపరేషన్ తర్వాత మామయ్య ఒక్కసారి కూడా మా గడప తొక్కలేదు. అయినా నాకు ఆయనే గుర్తొచ్చాడు. పక్కింటి మామ్మగారి దగ్గరికి వెళ్లి, కాసేపు అమ్మ దగ్గర కూర్చుంటారా అని అడిగాను. ఆవిడ నా మొహం చూసి, "వెళ్లిరా తల్లీ. నువ్వొచ్చేదాకా నేను కదలను," అంది. బందరు రోడ్డు మీద బస్సు ఎక్కి, జీవితంలో మొదటిసారి ఒక్కదాన్నే గవర్నర్‌పేట వెళ్లాను.

బ్యాండు షాపు ఒక లాడ్జి పక్క సందులో ఉండేది. జరీ అంచుల ఎర్ర కోట్లు తాడు మీద ఆరుతున్నాయి. మామయ్య బల్ల మీద క్లారినెట్ ముక్కలు విడదీసి తుడుస్తున్నాడు. నన్ను చూసి ఆయన చేతిలో గుడ్డ జారిపోయింది. అమ్మకి ఏదో అయిపోయిందని చెప్పడానికి వచ్చాననుకున్నాడు. కాదని చెప్పాక గుడ్డ తీసుకుని, తుడిచిన ముక్కనే మళ్లీ తుడిచాడు.

"రావాలనే అనుకుంటానమ్మా. కాళ్లు రావు. కోయించమన్నది నేనే కదా," అన్నాడు.

నేను జరిగిందంతా చెప్పాను. ఆయన పక్క షాపు నుంచి ఒక హార్మోనియం అడిగి తెచ్చి, అమ్మ సా ఏదో చూపించమన్నాడు. చూపించాను. ఇదే సా అని నీకెవరు చెప్పారని అడిగాడు. అమ్మ రాసిందన్నాను.

"నేను నీకేమవుతాను?"

"మామయ్యవి."

"మీ నాన్నకి?"

"బావవి."

"మీ అమ్మకి?"

"అన్నయ్యవి."

"మరి ముగ్గురు మనుషులున్నారా ఇక్కడ? ఒక్కణ్ణే కదా. ఎవరి దగ్గర నుంచి చూస్తే ఆ వరస. ఈ మెట్టూ అంతే. మా బ్యాండులో దీన్ని జి అంటాం. అది దీని సొంత పేరు, ఎక్కడికెళ్లినా మారదు. సా, రి, గ, మ అనేవి పేర్లు కావమ్మా, వరసలు. ఏ మెట్టుని నువ్వు సా అని పిలిస్తే, అక్కడి నుంచి మిగతావాటికి వరసలు కుదురుతాయి."

కృష్ణా జిల్లా పిల్లకి వరసల సంగతి వేరే చెప్పాలా. ఆ మాట నాకు చప్పున అందింది. అయితే ఎక్కడ మొదలుపెట్టినా ఒకటేనా అని, అయిదు మెట్ల కింద ఒక తెల్ల మెట్టు పట్టుకుని, వరసగా తెల్లవే వాయించుకుంటూ పోయాను. మూడో స్వరానికే పాట మొహం వేలాడేసింది. మామయ్య ఆ రోజు మొదటిసారి కొంచెం నవ్వాడు. మెట్ల రంగు చూడొద్దు, దూరం చూడు అన్నాడు. నల్లవీ తెల్లవీ అన్నీ లెక్కలోకే వస్తాయి. సా నుంచి రి కి రెండు మెట్లు, గ కి ఇంకో రెండు, మ కి ఒక్కటే. అక్కడి నుంచి పా కి, ద కి, ని కి రెండేసి, పై సా కి ఒకటి. గోడకి వేలాడుతున్న సైడ్ డ్రమ్ము తీసి వేళ్లతో ఆ లెక్క వాయించాడు. రెండు, రెండు, ఒకటి. రెండు, రెండు, రెండు, ఒకటి. నా చేత అనిపించాడు. తర్వాత మూడు చోట్ల నుంచి మొదలుపెట్టించాడు. మూడు చోట్లా అమ్మ పాటే పలికింది. నాకు ఏడుపొచ్చింది.

ఇప్పుడు అమ్మ సా ఎక్కడుందని అడిగాను.

"నాకేం తెలుసు. అది నువ్వే వెతకాలి. పాడమని మాత్రం అడక్కు. పిలిస్తే పలుకుతోందా?"

"ఊఁ అంటుంది. అంతే."

"అది చాలు. ఆ ఊఁ ఏ మెట్టు మీద పడుతుందో చూసుకో. సా అక్కడో, ఒకటి రెండు కిందో ఉంటుంది." బస్సు దాకా వచ్చి ఎక్కించాడు గానీ తను రానన్నాడు. తనని చూస్తే చెల్లెలికి ఆసుపత్రే గుర్తొస్తుందన్నాడు.

బస్సులో ఆ లెక్క వల్లించుకుంటూనే ఇంటికి వచ్చాను. మామ్మగారు చెప్పినట్టే కదలకుండా కూర్చుని ఉంది. అమ్మ గోడ వైపే తిరిగి ఉంది.

రెండు రోజులు వెతికాను. ఏదో ఒక వంక పెట్టి పిలవడం, ఆమె ఊఁ అనగానే పరిగెత్తి హార్మోనియం మెట్లు మెల్లగా నొక్కి చూడటం. అక్కడికి వెళ్లేసరికి చెవిలోంచి ఆ ధ్వని జారిపోయేది. మళ్లీ పిలవాలంటే భయం, విసుక్కుంటుందేమోనని. మంచం పక్కకే హార్మోనియం జరుపుకున్నాను. అప్పుడు దొరికింది. పెన్సిలు సా కి అయిదు మెట్ల కింద, ఎప్పుడూ కింది పా గా వాడుకున్న తెల్ల మెట్టు. దాన్ని సా అన్నాను. వేలితో లెక్కపెట్టుకుంటూ పోతే, ఇన్నాళ్లూ కింది ని అయిన నల్ల మెట్టు ఇప్పుడు గ అయింది. అమ్మ పెన్సిలుతో రాసిన సా ఏమో మ అయింది.

ఆ సాయంత్రం అక్కడి నుంచి పాట వాయించాను. అమ్మ కదల్లేదు. మర్నాడూ వాయించాను. కదల్లేదు. నాకు ధైర్యం సన్నగిల్లింది. మూడో రోజు పై సా కి ముందు లెక్క తప్పి తెల్ల మెట్టు నొక్కాను. మళ్లీ మొదలుపెట్టాను, మళ్లీ అదే తప్పు. మూడోసారి కూడా.

"నల్లది," అంది అమ్మ.

నేను ఆగిపోయాను.

"ని అక్కడ కాదే. దాని పైన నల్లది."

వాయించాను. అమ్మ ఇటు తిరిగింది. చాలాసేపు నా వేళ్ల వైపు చూసింది. "మీ మామయ్య దగ్గరికి వెళ్లావా?" అంది. తలూపాను. తిత్తి ఊదుతూనే ఉన్నాను, సా ఒక్కటే నొక్కి పట్టుకుని. ఆపితే ఏమవుతుందో అని భయం. అమ్మ పడుకునే, కళ్లు మూసుకుని, ఆ సా అందుకుంది. అది అందమైన గొంతు కాదు. కొత్త గోనెసంచిలా గరుకుగా ఉంది. పా దాటి పైకి పోలేదు. పాటలో పైకి వెళ్లే చోటల్లా ఆగిపోయి, నన్నే వాయించనిచ్చి, కిందికి వచ్చాక మళ్లీ కలిసింది. రెండు చరణాలు పాడి ఏడ్చింది. ఎంతసేపు ఏడ్చిందో చెప్పలేను. తర్వాత చారూ అన్నం తింది.

నాన్న ఎప్పుడొచ్చాడో తెలియదు. చూసేసరికి సైకిలు పట్టుకుని వాకిట్లో నిలబడి ఉన్నాడు. స్టాండు వేయడం కూడా మర్చిపోయాడు. ఆ వచ్చే సోమవారం, బడికి వెళ్లమని పొద్దున్నే నా చేతికి పుస్తకాల సంచి ఇచ్చాడు.

మామయ్యకి అమ్మే కబురు పెట్టింది. ఆయన వచ్చి అరుగు మీదే కూర్చుండిపోతే, ఆ గరుకు గొంతుతోనే, "లోపలికి రా అన్నయ్యా," అంది.

అమ్మ పాత గొంతు రాలేదు. చర్చిలో పాట ఎత్తుకునే చోటు ఇంకొకరిదైంది. అమ్మ ఆడవాళ్ల వరసలో వెనక కూర్చుని కింది స్థాయిలో కలిపేది. ఎవరైనా అమ్మాయి బాగా పాడితే మెడ మీద మచ్చ తడుముకునేది. ఆ దుఃఖం ఆమెతోనే ఉంది. అయినా ఇంకా ఇరవై ఏడేళ్లు బతికింది. నా పెళ్లి చూసింది, నా పిల్లలకి సరిగమలు నేర్పింది.

ఇప్పుడు నాకూ డెబ్బై దగ్గర పడుతున్నాయి. మా వీధి పిల్లలు కీబోర్డులు పట్టుకుని వస్తే నేర్పుతుంటాను. పోయిన ఏడాది నుంచి నా గొంతు కూడా దిగుతోంది. మొదట్లో ఒప్పుకోలేదు, పాత చోటే పట్టుకుని అరిచాను, రెండు రోజులు గొంతు పూడుకుపోయింది. మొన్న ఆదివారం ఎవరికీ చెప్పకుండా రెండు మెట్లు కిందికి జరిగి పాడాను. నాకు బాధగానే ఉంది. పక్కన కూర్చున్న పిల్లలు మాత్రం ఏమీ గమనించకుండా, ఆ కొత్త చోటే నాతో కలిసి పాడారు.