మాయ పడలేదు

హిందీవాళ్ల ఊళ్లో, మాంగో అనే పేటలో ఉండేవాళ్లం; మా ఇంట్లో నానమ్మ తెలుగులో అడిగితే నేనూ తమ్ముడూ హిందీలో బదులిచ్చేవాళ్లం. పిల్లలకు తెలుగు అర్థమవుతుందిలే అని పెద్దవాళ్లు సరిపెట్టుకునేవారు. ఎంత అర్థమవుతుందో ఎవరూ అడిగి చూడలేదు. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఆ ఏడు వినాయకుడి పందిట్లో ఒక ఇంద్రజాలికుడు వరసగా రెండు సాయంత్రాలు ఆట పెట్టాడు. మొదటిరోజు ఉయ్యాలలో పాప బొమ్మను పడుకోబెట్టి, నల్లగుడ్డ కప్పి, తీశాడు. బొమ్మ లేదు. రేపు రండి, తిరిగి రప్పిస్తానని చెప్పి దణ్ణం పెట్టాడు. నెలలు నిండని కడుపుతో అమ్మ మా పక్క కుర్చీలో కూర్చుని చప్పట్లు కొట్టింది. నానమ్మ ముక్కున వేలేసుకుని "మాయ" అంది. ఆ మాట మాకు అలా వచ్చింది.

టీవీలో డిటెక్టివులను చూసి చెడిపోయిన పిల్లలం మేము. నానమ్మ పంచాంగం చూసుకునే భూతద్దం తమ్ముడి జేబులోనే ఉండేది. ఆ బొమ్మ ఎక్కడ దాక్కుందో రెండో ఆటకు ముందే కనిపెట్టాలని ఇద్దరం ఒట్టు పెట్టుకున్నాం.

మర్నాడు పొద్దున్నే అమ్మకు నొప్పులొచ్చాయి. నాన్న ఆటోలో తీసుకెళ్లాడు. సువర్ణరేఖ నది వంతెన మీద ఎప్పటిలాగే బళ్లు కదల్లేదు. ఆటోలోనే కాన్పయిపోయింది. ఆసుపత్రి నుంచి నాన్న ఒక్కసారి ఫోన్ చేశాడు, ఆ తర్వాత ఆయన ఫోన్ కలవలేదు. నానమ్మ గుమ్మంలో నిలబడి పక్కింటావిడతో చెప్పింది.

"బిడ్డ పోనాదంట. మాయ ఇంకా పడనేదంట. అది పడితేగాని నా కోడలు దక్కదు."

బిడ్డ వెనకే బయటికి రావలసిన మాయ లోపలే ఉండిపోయి, అమ్మకు రక్తం ఆగడం లేదని నానమ్మ ఏడుస్తోంది. తలుపు వెనక మేము విన్నది వేరు. ఉయ్యాలలో బొమ్మ పోయినట్టే మా పాప పోయింది. ఇంద్రజాలికుడు వేసిన మాయ ఇంకా కిందికి దిగలేదు. దాన్ని దింపిస్తే అమ్మ ఇంటికొచ్చేస్తుంది. కేసు అంత తేలిగ్గా తెగినందుకు నాకు లోపల గర్వంగా కూడా అనిపించింది.

పందిట్లో స్టేజీ వెనక ఇంద్రజాలికుడు మరమరాలు తింటున్నాడు. చెయ్యి కడుక్కోవడానికి అతను లేవగానే తమ్ముడు ఉయ్యాల కిందికి దూరాడు. దానికి అడుగున ఇంకో అర ఉంది. అందులో బొమ్మ బోర్లా పడి ఉంది. అది చూసి, మా పాప కూడా దొరికిపోయినట్టేనని ఏడ్చేశాను.

అతను తిరిగొచ్చి మమ్మల్ని చూసినా కసరలేదు. మా పాప పోయింది, మాయ ఎప్పుడు పడుతుందని తమ్ముడు హిందీలో అడిగాడు. మేము దేని గురించి అడుగుతున్నామో అతనికి అర్థమై ఉండదు. నా మొహం చూసి, మంత్రదండం మా తలల మీద తిప్పి కింద పడేశాడు. పడిపోయింది, ఇక ఇంటికి పోండన్నాడు. అతని మీద నాకు కోపం లేదు. ఏడ్చే పిల్లను ఊరుకోబెట్టాడు, అంతే.

తమ్ముడు నాకంటే ముందు ఇంటికి పరిగెత్తాడు.

"నానమ్మా, మాయ పడిపోయింది."

వాడు తనంతట తాను ఆమెతో తెలుగులో మాట్లాడటం అదే మొదలు. హిందీలో చెప్పి ఉంటే ఏటని తిరిగి అడిగేది. ఆ కాన్పు మాట వాడికి తెలిసే అవకాశం లేదు కాబట్టి, వీధిలో ఎవరికో కబురొచ్చి చెప్పి పంపారనుకుంది. దేవుడి ముందు దీపం పెట్టింది. మా ఇద్దరి తలలూ నిమిరింది. బాలింతకు పెట్టడానికని వెల్లుల్లి ఒలిచి కారం నూరడం మొదలుపెట్టింది. ఇల్లంతా ఆ వాసన. ఆ వేళకే అమ్మ చనిపోయిందని మాలో ఎవరికీ తెలియదు.

సాయంత్రం నాన్న ఒక్కడే వచ్చాడు. చేతి సంచిలో అమ్మ చెప్పులున్నాయి. నానమ్మ సంచి వైపు చూడలేదు.

"మాయ పడిపోనాదంట గదరా. కోడలు ఎప్పుడింటికి వత్తాది?"

నాన్న గుమ్మంలోనే ఆగిపోయాడు. చేతిలో సంచి గడప మీద పెట్టాడు.

"నీకెవులు సెప్పినారమ్మా?"

నానమ్మ మా వైపు తిరిగింది. మెచ్చుకుంటారనుకుని తమ్ముడు, క్లాసులో లాగా చెయ్యెత్తాడు.