నష్టానికి కూడా గడువుందట

మామిడి తోటల కాపు పూత మీదే కొని, కాయలు అమ్మే వ్యాపారం మా ఆయనది. ఇన్నేళ్ళ కాపురంలో ఆయన పంచాంగం తెరవగా చూడలేదు. ఆదివారం మా ఇంట్లో జరిగే భాగవత సత్సంగానికి కూడా ప్రసాదం వేళకే వస్తారు. అలాంటి మనిషి ఒక జూలై నెలాఖరులో, "ఆషాఢం కదా, ఇప్పుడు మంచి పనులు పెట్టుకోకూడదు," అన్నారు.

ఆ మంచి పని ఇన్‌కమ్ టాక్స్ రిటర్న్ వెయ్యడం.

అంతకు ముందు ఏడాది వేసవిలో ఆగిరిపల్లి తోటల్లో గాలివానకి కాయంతా రాలి, గట్టి నష్టం వచ్చింది. ఆడిటర్ అమ్మాయి ఫోన్ చేసింది.

"బాబాయి గారూ, ముప్పై ఒకటి దాటితే రిటర్న్ తీసుకుంటారు గానీ, ఆ నష్టం రేపటి లాభాల్లో తగ్గించుకోవడానికి ఉండదండి. నష్టం పోతుంది."

"ఒకసారి పోయింది కదమ్మా, మళ్ళీ పోయేదేంటి?" అని పెట్టేశారు. నా వైపు తిరిగి, "ఎలాగూ గడువు పొడిగిస్తారులే," అన్నారు.

"అధిక మాసం ఎప్పుడొస్తుందో సిద్ధాంతి చెప్తాడండీ. ఇది ఎవరు చెప్తారు?" అన్నాను.

ఆ ఆదివారం ఆయన పులిహోర తింటుండగా అందరి ముందూ అడిగాను.

"మొన్న మామయ్యగారి తద్దినం పెట్టారు. ఆషాఢం అడ్డు రాలేదా?"

"అది తిథి. దాటించకూడదు."

"ఇదీ అంతేనండీ. పెళ్ళికి ముహూర్తం మనం వెతుక్కుంటాం. తద్దినానికి తిథే మనల్ని వెతుక్కుంటూ వస్తుంది."

పురాణం చెప్పే పంతులుగారు తల ఊపారు. "అమ్మగారి మాట శాస్త్రమే."

"పోయిన కాయలకే కదా అన్నయ్యగారూ, తద్దినమే అనుకోండి," అంది పక్కింటావిడ.

నవ్వుల మధ్య ఆయన చెయ్యి కడుక్కోవడానికి లేచారు. వేళకి చెయ్యాల్సింది వేళకి చెయ్యడమే ధర్మమని నేను నమ్ముతాను. ఆయన నమ్మింది పక్కింటావిడనో, భగవంతుణ్ణో తెలియదు గానీ, మర్నాడు పొద్దున్నే స్నానం చేసి ఆడిటర్‌కి తనే ఫోన్ చేశారు. వచ్చిన ఓటీపీని గోత్రం చెప్పినట్టు ఒక్కో అంకే ఒత్తి చెప్పారు.

"అయిపోయిందండీ, వెరిఫై కూడా అయింది. ఈ నష్టం ఎనిమిదేళ్ళ దాకా పనికొస్తుంది," అంది ఆ అమ్మాయి.

ఆయన వెంటనే మైలవరంలో ఉన్న, అదే గాలివానకి దెబ్బతిన్న తోటి వ్యాపారికి ఫోన్ కలిపారు. "బావా, నా నష్టం ఎనిమిదేళ్ళు చెల్లుతుంది. మరి నీది?"

 ఆ బావ అవతల నుంచి మెల్లగా ఆడిటర్ నంబరు అడిగాడు.