ఐదు రకాల బియ్యం, రెండు మోకాళ్లు

కరీంనగర్‌లో ఎముకల డాక్టరు నా భార్యను ఎనిమిది కిలోలు తగ్గి రమ్మన్నాడు. అప్పుడు ఆమె బరువు ఎనభై మూడు. రెండు మోకాళ్లూ అరిగిపోయాయని, కుడిదానికి ముందు ఆపరేషన్ చేయాలని, ఇంత బరువు మీద చేస్తే కొత్త కీలు ఎక్కువ కాలం నిలవదని ఎక్స్‌రే చూపించి చెప్పాడు. తేదీ మాత్రం ఇవ్వలేదు. మూడు నెలల తర్వాత రమ్మని, లేస్తూ లేస్తూ ఒక మాట అన్నాడు: అన్నం తగ్గించండి, కుదరకపోతే బియ్యం మార్చండి.

ఈ రెండు మాటల్లో నేను రెండోదాన్నే పట్టుకున్నాను. మొదటిదానిలో పరిశోధించడానికి ఏమీ లేదు.

ఆమెకు అప్పటికే నడక కష్టమైపోయింది. ఇంటి ముందున్న మూడు మెట్లు పక్కకు తిరిగి, గోడ పట్టుకుని, ఒక్కో మెట్టు మీద రెండు కాళ్లూ కలుపుకుని దిగేది. పొయ్యి దగ్గర స్టూలు వేసుకుని వండేది. కూరగాయలు స్వయంగా ఏరి తెచ్చుకోకపోతే ఆమెకు తోచదు. అలాంటి మనిషి ఏడాదిగా అంగడికి పోలేదు. నేను తెచ్చిన వంకాయల్లో పుచ్చులు ఏరుతూ కూర్చునేది. రాత్రి పక్క మీద ఒత్తిగిలాలంటే ముందు చేత్తో మోకాలిని జరుపుకునేది. ఆపరేషన్ కాకపోతే ఇంకో రెండేళ్లలో ఆమె లోకం వంటిల్లూ మంచమూ అయిపోతుంది. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

నేను గోదావరిఖనిలో ముప్పై రెండేళ్లు బొగ్గుబాయిలో పనిచేసి రిటైరైనవాడిని. మిగిలిన కాలమంతా వాదనల్లో గడిచింది. బాణామతి చేతబడి జరిగిందని జ్వరం వచ్చిన మనిషిని కట్టేసిన ఊళ్లకు స్నేహితులతో కలిసి వెళ్లి, జనం మధ్య నిలబడి రుజువు చూపమని అడిగాను. తాయెత్తు కట్టుకుంటే పైకప్పు కూలదా అని బాయి దగ్గరే తోటివాళ్లతో తగువు పడ్డాను. కనబడనిదాన్ని నమ్మను, కనబడినదాన్ని కొలవకుండా వదలను. అలాంటివాడి ఇంట్లో బరువు తగ్గే పని పడితే అది ఎలా సాగుతుందో ఊహించవచ్చు.

ముందు కాలనీ వాళ్లు వచ్చారు. పక్కింటి అక్క జీలకర్ర నీళ్లు తాగమంది. ఎదురింటావిడ ఒక స్వామి దగ్గర దారం కట్టించుకోమంది. దారం బరువు కూడా కలుస్తుంది కదా అని నేనంటే ఆవిడ నెల రోజులు మా గుమ్మం తొక్కలేదు. నా భార్య మాత్రం స్టూలు మీద కూర్చుని చింతపండు పిసుకుతూ తాపీగా అంది: "శనివారం ఒక్కపొద్దు ఉంటుంటి. మూఢనమ్మకమని నువ్వే మాన్పిస్తివి. గిప్పుడు పైసలు వెట్టి డాక్టరుతోని గదే చెప్పించుకొని వచ్చినం."

ఒక్కపొద్దు దేవుడి కోసం ఉండేదని, ఇది ఆరోగ్యం కోసమని నేను వివరించాను. కడుపుకు ఆ తేడా ఎట్ల తెలుస్తదని అడిగింది. నేను బియ్యం కోసం బయల్దేరాను.

మా ఇంట్లో అప్పటిదాకా వండింది అందరూ తినే సన్నబియ్యమే. ఆ రకం పేరు జై శ్రీరాం. దేవుడు లేడని చెప్పుకునేవాడి ఇంట్లో ఇన్నేళ్లుగా అదే ఉడుకుతోందని స్నేహితులు ఎగతాళి చేసేవారు. మొదట దాన్నే గంజి వార్చి వండమన్నాను. కుక్కరు పక్కన పెట్టి పాత తపేలా దించింది. రెండు వారాల్లో ఏమీ కాలేదు. తర్వాత ఉప్పుడు బియ్యం తెచ్చాను. ఆ వాసనకు ఆమె ముక్కు మూసుకుంది. మా అబ్బాయి, వాడిదీ బాయి పనే, కంచం ముందుకు నెట్టి, బాపూ ఇది మనుషులకా అని అడిగాడు. ఆ తర్వాత షుగరు ఉన్నవాళ్ల కోసమని పేరుపడ్డ కొత్త రకం. దాని మీద దుకాణదారుడు నాకు పావుగంట ఉపన్యాసమిచ్చాడు. ఉపన్యాసాలిచ్చే అలవాటు ఉన్నవాడిని కాబట్టి శ్రద్ధగా విన్నాను. ఆ తర్వాత నల్లబియ్యం. అది ఉడికితే తపేలా అడుగు మా చిన్నప్పటి బొగ్గుపొయ్యి అడుగులా అయ్యింది. బాయిలో మీరిద్దరూ మింగేది బొగ్గే, ఇంట్లో కూడా అదే రంగు తినాల్నా అని ఆమె ఒకపూట తిని మానేసింది.

చివరకు దంపుడు బియ్యం దగ్గర ఆగాను. మాకు దగ్గర్లోని జైపూర్ వైపు వ్యవసాయం చేసుకునే ఆమె అక్క ఇంటి నుంచి, పాలిష్ పట్టనివి, తవుడు రంగువి, ఐదు కిలోలు తెప్పించాను. చదవగలిగినంత చదివాను. పీచు ఉంటుంది, మెల్లగా అరుగుతుంది, తొందరగా ఆకలి కాదు. ఇవి నిజాలే. కానీ తిన్న కొలతకు కేలరీల విషయంలో తెల్లబియ్యానికీ దీనికీ పెద్ద తేడా లేదన్నది కూడా నిజమే. ఆ మాట చదివి కూడా పెద్దగా పట్టించుకోలేదు. ఆమెకు చెప్పేటప్పుడు నిజాలను కుదించి ఒక్క ముక్కలో చెప్పాను: ఈ బియ్యంతో లావు కారు. ఒక మంత్రగాడు చెప్పినంత ధీమాగా చెప్పాను.

ఇద్దరికి ఒక వంట, ఆమెకు ఒక వంట. పూటకు అర గ్లాసు చొప్పున రోజుకు ఒక గ్లాసు దంపుడు బియ్యం అని లెక్క పెట్టాను. మధ్యాహ్నం నా ముందే తినేది, రాత్రి నా ముందే తినేది. రెండుసార్లూ కొలత ప్రకారమే. ప్రతి ఆదివారం చౌరస్తాలో మందుల దుకాణం ముందున్న యంత్రం మీద నిలబెట్టేవాడిని. ఆటోలో పోయి ఆటోలో రావడం. ఎనభై మూడు. ఎనభై రెండున్నర. మళ్లీ ఎనభై మూడు. డాక్టరు చెప్పి అప్పటికి రెండు నెలలు గడిచిపోయాయి. దిగేటప్పుడు ఆమె నా భుజం మీద వేసే చెయ్యి వారం వారం బరువెక్కుతున్నట్టు నాకు అనిపించింది. యంత్రం చెడిపోయిందేమోనని నేనూ ఎక్కి చూశాను. బాగానే ఉంది.

నెల రావాల్సిన ఐదు కిలోలు పదహారో రోజుకే అయిపోవడంతో నాకు మొదటిసారి అనుమానం వచ్చింది. ఎలుకలేమో అనుకుని డబ్బా మూత చూశాను. గట్టిగానే ఉంది. ఆమెను అడిగితే, వంటలో పడతయి గదా, అంది. బియ్యం వంటలోనే పడతాయి. ఆ జవాబులో తప్పు పట్టడానికి ఏమీ దొరకలేదు. ఇంకో ఐదు కిలోలు తెప్పించాను.

తర్వాతి వారం మా అబ్బాయిది నైట్ షిఫ్టు. నేను రోజూ ఆరింటికి గ్రౌండుకు నడవడానికి పోయి, పాతవాళ్లతో చాయ్ తాగి, తొమ్మిదింటికి ఇల్లు చేరేవాడిని. ఆ రోజు వాన పట్టుకుంది. ఎనిమిదింటికే తిరిగి వచ్చాను. వాకిట్లో వాడి బూట్లు ఉన్నాయి. లోపల వాడు స్నానం చేసి, కళ్ల అంచుల్లో ఇంకా నల్లగీత ఉండగానే, అన్నం తింటున్నాడు. ఎదురుగా స్టూలు మీద వాళ్లమ్మ. ఆమె ఒళ్లోనూ ఒక కంచం. అందులో నిండుగా దంపుడు అన్నం, పప్పు.

ఆ పూట ఆమె చెబితే మిగతాది తెలిసింది. నైట్ షిఫ్టు వారం పొద్దున ఎనిమిదింటికి వాడితో ఒక కంచం. ఫస్ట్ షిఫ్టు వారం సాయంత్రం నాలుగింటికి, అంటే నేను రీడింగ్ రూములో పత్రికలు చదివే వేళ, ఇంకొకటి. సెకండ్ షిఫ్టు వారం నేను పడుకున్నాక మరొకటి. నాతో తినే రెండు పూటలూ మామూలే. దాచింది ఏమీ లేదు. నేను ఆ వేళలకు ఇంట్లో లేను, ఉన్నా మెలకువగా లేను.

నేను కోప్పడ్డాను. మూడు నెలల్లో ఎన్ని రోజులు మిగిలాయో చెప్పాను.

"నువ్వే చెప్తివి గదా, గీ బియ్యంతోని లావు కారు అని," అంది. "నమ్మి తిన్న."

జీవితమంతా నన్ను నమ్మొద్దు, పరీక్షించుకోండి అని చెప్పినవాడిని. ఇంట్లో ఒక్క మనిషి నమ్మింది. దాని ఫలితం ఇది.

ఆకలి లేకుండా ఎందుకు తినడం అని అడిగాను. ఆకలి సంగతి కాదంది. బాయి నుంచి వచ్చినోడు ఒక్కడే కూర్చుని తినొద్దంది. ఎవరు చెప్పారంటే ఎవరూ చెప్పలేదంది. ఏమన్నా అరిష్టమా అని, ఒక మూఢనమ్మకం దొరికిందన్న ఉత్సాహంతోనే అడిగాను.

"అరిష్టం లేదు, ఏం లేదు. గాడ లోపట ఎనిమిది గంటలు ఉండి వస్తడు. ఎదురుంగ మనిషి తింటుంటె తినబుద్ధయితది. నీకు కాలేదా?"

అయ్యింది. కొత్తగా బాయిలో దిగిన రోజుల్లో నాకు ముద్ద మింగుడు పడేది కాదు. గొంతులో దుమ్ము, చెవుల్లో పేలుడు మోత, ముందు రోజు పక్కన కూలిన పైకప్పు. ఆమె ఎదురుగా కంచం పెట్టుకుని కూర్చునేది. ఇంటి సంగతులేవో చెబుతూ తినేది. ఆమె చెయ్యి కంచంలోకి పోతే నా చెయ్యీ పోయేది. ముప్పై రెండేళ్లలో ఏ షిఫ్టు నుంచి వచ్చినా నేను ఒంటరిగా తిన్న పూట లేదు. ఆమెకూ ఆ వేళకే ఆకలవుతుందని అనుకున్నాను. పొద్దున ఎనిమిదింటికి ఒకవారం, సాయంత్రం నాలుగింటికి ఒకవారం ఆకలయ్యే కడుపు ఉంటుందా అని ఎన్నడూ రుజువు అడగలేదు. ఊళ్లో ప్రతి ఆచారాన్నీ నిలదీశాను. నాకు అన్నం పెట్టిన ఆచారాన్ని మాత్రం ఆచారమని కూడా గుర్తించలేదు. బయటి మూఢత్వం మీద అంత కేకలు వేసే మగవాళ్లం ఇంట్లో మనకు అనుకూలమైనదాన్ని ప్రకృతి ధర్మం అనుకుంటాం. ఇది నా ఒక్కడి సంగతి కాదని తెలుసు. నన్ను మినహాయించుకోవడానికి ఆ మాట పనికిరాదు.

ఇంతసేపూ మా అబ్బాయి కంచం ముందు తల వంచుకుని కూర్చున్నాడు. వాడిలో కొంచెం నవ్వు, కొంచెం సిగ్గు. నువ్వేమంటావురా అని అడిగితే మొదట నసిగాడు. తర్వాత చెప్పాడు. షిఫ్టు దిగగానే దోస్తులతో క్యాంటీన్లో పూరీలో బజ్జీలో తినే వస్తాడట. ఇంటికి వచ్చేసరికి ఆకలి ఉండదట.

"మరెందుకు తింటున్నవ్ రా?" అంది వాళ్లమ్మ.

"నువ్వు తినకుంట కూసుంటవని."

ఆమె చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది. వాడి పొట్ట వైపు చూసింది. ఏడాదిన్నరలో వాడి ప్యాంటు నడుము రెండుసార్లు వదులు చేయించిన సంగతి ఇద్దరికీ ఒకేసారి గుర్తొచ్చి ఉంటుంది. నవ్వడం మొదట ఎవరు మొదలుపెట్టారో తెలియదు. నేను మాత్రం చాలాసేపు నవ్వలేకపోయాను.

ఆ తర్వాత జరిగింది క్లుప్తంగా చెప్పవచ్చు. కంచం లేకుండా ఊరికే కూర్చోమని నేనన్నాను. రెండు రోజులు ప్రయత్నించింది. చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంటే దవాఖానలో పేషెంటు దగ్గర కూర్చున్నట్టుందని మానేసింది. అప్పుడు ఆమే ఒక దారి కనిపెట్టుకుంది. పెద్ద గ్లాసులో పలచటి మజ్జిగ పోసుకుని, వాడు కంచం కడిగేదాకా కొంచెం కొంచెం తాగడం. వాడు క్యాంటీన్ మానలేదు కానీ ఇంట్లో సగమే పెట్టుకున్నాడు. రెండు వంటలు ఎత్తేశాం. దంపుడు బియ్యం ఆ తర్వాత తెప్పించలేదు. తనకు వేరే తపేలా పెట్టినప్పటి నుంచి సొంత ఇంట్లోనే రోగిలా అనిపించిందని అప్పుడు చెప్పింది. పాత సన్నబియ్యమే, రెండు పూటలు, అదే అర గ్లాసు.

డాక్టరు చెప్పిన గడువు దాటిపోయింది. ఇంకో రెండు నెలలు పట్టింది. కరీంనగర్‌లో ఆయన బల్ల పక్కనున్న యంత్రం డెబ్బై ఆరు చూపించింది. ఒక కిలో ఎక్కువే. నేను ఏదో చెప్పబోయాను. ఆయన వినకుండా మోకాలు వంచి చూసి, పర్వాలేదని, వచ్చే నెల తేదీ రాసిచ్చాడు. ఆ కాగితాన్ని నాకివ్వకుండా ఆమె తన సంచిలో పెట్టుకుంది.

తిరుగు బస్సులో ఆమె కిటికీ వైపు తిరిగి కూర్చుంది. భయపడుతోందేమో అనుకుని, ఈ ఆపరేషన్ ఇప్పుడు మామూలైపోయిందని చెప్పడం మొదలుపెట్టాను. ఆమె వేళ్ల మీద ఏదో లెక్కపెడుతోంది. దవాఖానలో ఎన్ని రోజులు, మంచం మీద ఎన్ని వారాలు, అప్పుడు వాడిది ఏ షిఫ్టు అని. మొదటి వారం నైట్ పడుతుందట. అంటే పొద్దున ఎనిమిదింటికి. రెండో వారం సెకండ్ షిఫ్టు.

"గన్ని రోజులు వానికి ఎదురుంగ ఎవరు కూసుంటరు?" అంది.

నేను కూర్చుంటానన్నాను. ఆ వారాలు గ్రౌండుకు పోననీ, రాత్రి మెలకువగా ఉంటాననీ చెప్పాను. ఆమె నన్ను కింది నుంచి పైదాకా ఒకసారి చూసింది.

"కూసో. మజ్జిగ పోసుకో. వాదం మాత్రం వెట్టకు వానితోని. తిననియ్యి."