నీళ్ళు కలపని పాలు

గౌలిపురలో పాలమ్ముకునే ఇళ్ళన్నీ ఒకటే మాట చెప్పేవి, మా పాలల్లో నీళ్ళు ఉండవని. చెప్పేవాళ్ళలో సగం మంది బావి పక్కనే కాపురం ఉండేవాళ్ళు, అది వేరే సంగతి. మా అత్తగారింట్లో మాత్రం ఆ మాట నిజం. కొత్త కోడలు పాల చెంబు ముట్టే ముందు కొట్టంలోకి వెళ్ళి, బర్రె వీపు మీద చెయ్యి పెట్టి, నీళ్ళు కలపనని ఒట్టు వేయాలి. నేనూ వేశాను. కాళ్ళ పసుపు ఇంకా ఆరలేదు, పక్కన మా అత్త నిలబడి ఒక్కొక్క ముక్కా నా చేత పలికించింది. మా ఇంటి పాలల్లో ఒక్క చుక్క నీళ్ళు పడినా కొట్టంలో బర్రె ఒట్టిపోతుందని ఆమె గట్టి నమ్మకం. నాకు నవ్వొచ్చింది కానీ నవ్వలేదు. ఆ ఇంట్లో నవ్వాలంటే ముందు అటూ ఇటూ చూసుకోవాలి.

పెద్ద యుద్ధం నడుస్తున్న రోజుల్లో నాకు ఆడపిల్ల పుట్టింది. నెల తిరక్కుండానే నాకు జ్వరం పట్టుకుంది. జ్వరం దిగేసరికి నా పాలు ఇంకిపోయాయి.

"గిదేం ఫికర్? పాలోళ్ళ ఇంట్ల పాలకు కరువా?" అంది మా అత్త.

మనసు పెట్టే అంది. బర్రెను పిండేటప్పుడు ఆఖరున వచ్చే పాలు అన్నిటికంటే చిక్కగా ఉంటాయి. ఆ పాలు పిల్ల కోసమని వేరే చెంబులో పిండి, కాచి, తనే పట్టేది. గోడకు ఆనుకుని కాళ్ళు చాపుకుని, ఆ కాళ్ళ మీద పిల్లను వెల్లకిలా పడుకోబెట్టి, ఉగ్గుగిన్నె నోట్లో వంచేది. గిన్నె ఖాళీ అయ్యేదాకా వదిలేది కాదు. మా అత్త పెట్టే చెయ్యి అలాంటిది, పెద్దవాళ్ళకైనా వద్దనే వీలుండేది కాదు.

తాగిన కాసేపటికే పిల్ల వెన్ను వెనక్కి విరుచుకుని ఏడ్చేది. ఆ ఏడుపు ఆకలి ఏడుపు కాదు, ఎవరో లోపల గిచ్చుతున్నట్టు ఉండేది. తర్వాత నోట్లోంచి, ముక్కులోంచి పాలు తన్నుకొచ్చేవి. నా చీరలు, బొంత, పిల్ల మెడ మడతలు అన్నీ పులిసిన వాసన. ఆ మడతల్లో చర్మం ఒరుసుకుపోయి ఎర్రగా పచ్చి పుండయింది. కక్కిన పాలు పోయాయి కదా అని మా అత్త మళ్ళీ గిన్నె నింపేది.

దిష్టి తీశాం. వాము నీళ్ళు పట్టాం. వస కొమ్ము అరగదీసి నాకించాం. దర్గాకు తీసుకెళ్ళి ఊదించుకుని, మెడలో తాయెత్తు కట్టించాం. ఆ తాయెత్తు దారం కూడా రెండు రోజుల్లో పులిసిపోయింది. మా ఆయన పొద్దున్నే పాల క్యాన్లు సైకిలుకు తగిలించుకుని వెళ్ళేవాడు, వచ్చాక ఉయ్యాలలోకి తొంగి చూసి, "పిల్లలన్నంక కక్కరా?" అనేవాడు. నాకు ఒళ్ళు మండేది.

మూడో నెలలో ఒకరోజు పిల్లను ఎత్తుకుంటే ముందటి వారం కంటే తేలిగ్గా ఉంది. తూకం వేయలేదు, నా చేతులకే తెలిసింది. ఆ రోజు నేను లొల్లి చేస్తే మా ఆయన టాంగా మాట్లాడి జనానా దవాఖానాకు తీసుకెళ్ళాడు. అక్కడ ఒక ముసలి నర్సమ్మ పిల్ల కడుపు నొక్కి చూసి, ఏం పాలు పడుతున్నావని అడిగింది. బర్రె పాలని చెప్పాను.

"పానీ కిత్నా?"

"మేం నీళ్ళు కలపం," అన్నాను. ఆ మాట గర్వంగానే అన్నాను, దాచడమెందుకు.

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. "గింత పోరికి గంత చిక్కటి పాలా? సగం పాలు, సగం కాచిన నీళ్ళు. జర జర పట్టు. తాగినంక భుజం మీద ఏసుకొని నిలువుగ పట్టుకో. ఎంబడే పండవెట్టకు," అంటూ వీపు ఎలా తట్టాలో చూపించింది.

ఇంటికొచ్చి చెబితే మా అత్త చేతిలో చేట కింద పెట్టేసింది.

"ఊరోళ్ళ పిల్లలకే నీళ్ళు పొయ్యలే నేను. నా మనుమరాలికి పోస్తనా? దవాఖానోళ్ళకు పాల సంగతి ఏమెరుక?"

ఆమెతో వాదించి గెలిచిన మనిషి ఆ గల్లీలో లేదు. నేను వాదించలేదు. అత్తమ్మా, నీకు నడుం నొప్పి, పాలు నేను పడతానన్నాను. వంటింటి వెనక కూర్చుని, ఒట్టు వేసిన చేత్తోనే సగానికి సగం కాచిన నీళ్ళు కలిపాను. కొంచెం పట్టడం, భుజాన వేసుకోవడం, తట్టడం, మళ్ళీ కొంచెం. నాలుగు రోజులకు కక్కడం బాగా తగ్గింది. మెడ పుండు మానింది. పదో రోజున పిల్ల నా మొహం చూసి నవ్వింది. అంతవరకు పాపం దానికి నవ్వే తీరిక దొరకలేదు. మేలు చేసింది నీళ్ళో, నిలువుగా పట్టుకోవడమో నాకు తెలియదు. నవ్వింది, అది తెలుసు.

ఆ వారంలోనే మా మూడో ఈత బర్రె పాలు తగ్గించింది. ఎండలు ముదిరాయి, మేత సరిగా దొరకడం లేదు, బర్రె ఒట్టిపోవడానికి అంతకంటే ఏం కావాలి? మా అత్తకు అవేవీ పట్టలేదు. ఇంట్లో ఎవరో నీళ్ళు కలిపారని తేల్చేసింది. పాలు పోసి వచ్చేది కొడుకు కాబట్టి కొడుకునే పట్టుకుంది.

"నా కడుపున పుట్టి ఇజ్జత్ తీస్తివి కదరా!" అని వాకిట్లో నిలబడి గల్లీకంతా వినపడేలా అరిచింది. మా ఆయన బర్రె మీద చెయ్యి పెట్టి ప్రమాణం చేసినా వినలేదు. పక్కిళ్ళవాళ్ళు గుమ్మాల్లోకి వచ్చారు. నీళ్ళ పాలని పేరు పడితే మా పాలు ముట్టేవాళ్ళుండరు. తప్పు చేయని మనిషి అలా తలొంచుకుని నిలబడితే నేను చూడలేకపోయాను.

"ఆయన కాదు. నేనే కలిపిన. పిల్ల పాలల్ల," అన్నాను.

మా అత్త కొడుతుందనుకున్నాను. కొట్టలేదు. "కన్న బిడ్డ పాలల్లనా?" అంది, నమ్మలేనట్టు. తర్వాత నా చెయ్యి పట్టి కొట్టంలోకి లాక్కెళ్ళి మళ్ళీ ఒట్టు వేయించింది. మా ఆయన అక్కడే ఉన్నాడు. ఆయన కోసం నేను నోరు తెరిచాను, నా కోసం ఆయన తెరవలేదు. దానికి ఆయన్ను చాలా ఏళ్ళు సాధించాను.

ఆ రోజు నుంచి ఉగ్గుగిన్నె మళ్ళీ మా అత్త చేతికి పోయింది. మళ్ళీ చిక్కటి పాలు, మళ్ళీ చాపిన కాళ్ళు, మళ్ళీ ఆ విరుచుకోవడం. ఆమె కళ్ళు కప్పి ఎత్తుకోగలిగినప్పుడల్లా పిల్లను భుజాన వేసుకునేదాన్ని. మూడు వారాలు అలా గడిచాయి. ఒక మధ్యాహ్నం ఆమె కడుపు నిండా పట్టి ఉయ్యాలలో పడుకోబెట్టింది. నేను బయట గోడకు పిడకలు కొడుతున్నాను. చేతులు కడుక్కుని లోపలికి వచ్చేసరికి ముక్కులో పాలు, పెదాలు నీలం. తీసి భుజాన వేసుకుని, నర్సమ్మ చూపించినట్టే వీపు తట్టాను. తడుతూనే ఉన్నాను. చివరికి మా ఆయన వచ్చి నా చెయ్యి పట్టుకుని ఆపాడు.

బర్రె మాత్రం పాలివ్వలేదు. ఒట్టు వేయించిన వారానికే పూర్తిగా ఒట్టిపోయింది.

పిల్లను పూడ్చిపెట్టి వచ్చిన పది పదిహేను రోజులకు, నేను గిన్నెలు తోముతుంటే మా అత్త వచ్చి ఎదురుగా కూర్చుంది. "నీళ్ళు కలిపినప్పుడు తగ్గిందా?" అని అడిగింది.

లేదు అనే మాట కోసం వచ్చిందని ఆమె మొహం చూస్తేనే తెలిసింది. ఆ ఒక్క మాట అంటే ఆమె లేచి వెళ్ళి నాలుగు ముద్దలు తినేది. ఆమె చేసిందంతా ప్రేమతోనే చేసిందనీ నాకు తెలుసు.

"తగ్గింది అత్తమ్మా. మస్తు తగ్గింది. నన్ను జూసి నవ్వింది గూడ," అన్నాను.

ఆమె లేచి వెళ్ళిపోయింది. ఆ తర్వాత తొమ్మిదేళ్ళు బతికింది. నాకు ఇద్దరు కొడుకులు పుట్టారు, వాళ్ళ పాలల్లో నేను అందరి ముందే నీళ్ళు కలిపాను. అలా కలిపేటప్పుడు ఆమె గదిలో ఉండేది కాదు. ఆ తొమ్మిదేళ్ళూ ఆమె పాలు తాగలేదు, పెరుగు వేసుకోలేదు, చాయ్ కూడా నల్లగానే తాగింది. జర పాలు పోసుకో అత్తమ్మా అని నేను ఒక్కనాడూ అనలేదు.