సోంపు దుంప ముక్కలు

ఈస్టరు పండక్కి మా వితీనా నడిపే భోజన హోటల్లో గొర్రెపిల్ల కూర తినడానికి పొటెంజా పట్నం నుంచి కూడా జనం వస్తారు. ఆ పేరులో సగం ఆమె చేతిది, సగం పక్కన పోసే వైన్‌ది. మా వుల్తురె కొండ మీద పండే అల్యానికో ద్రాక్ష వైన్ మహా మొండిది. ఒట్టిగా తాగితే నాలుకంతా వగరు పట్టేస్తుంది. కొవ్వున్న మాంసం ఒక ముక్క తిని తాగి చూడండి, ఆ వగరే మెత్తబడి దారికొస్తుంది. ఏ పీపా ఏ కూరకు నప్పుతుందో వితీనాకు ఒక్క గుక్క చాలు.

ఏళ్ల తరబడి ఆ వైన్ జెరార్ద వాళ్లు పీపాలు నిలవపెట్టే గుహలోంచే వచ్చేది. జెరార్ద కూతురి జ్ఞానస్నానానికి వితీనా జ్ఞానతల్లిగా నిలబడింది. ఆనాటి నుంచి ఇద్దరిదీ వదినా వదినా అనే పిలుపు. పండగనాడు జెరార్ద హోటల్ ముందు గుమ్మం తొక్కింది లేదు. ఇంటిమనిషిలా దొడ్డిదారిన వచ్చి, పొయ్యి పక్కన పీట మీద కూర్చుని తినేది.

వైన్ రుచి చూసే రోజు నేనూ వెళ్తాను. రొట్టెల బట్టీ నాది. రుచి చూసేటప్పుడు వితీనా నా రొట్టె తప్ప ఇంకేదీ ముట్టదు. ఇందులో నా గొప్పేం లేదు, చప్పటి రొట్టె నాలుకను శుభ్రం చేస్తుంది, అంతే. పైగా జాడీలు మోయడానికి ఒక మనిషి కావాలి కదా!

ఈసారి గుహలోకి దిగేసరికి బల్ల నిండా వడ్డన. ముదురు జున్ను, సాసేజీ, నూనెలో వేయించిన ఎండు మిరపకాయలు. వితీనా మురిసిపోయింది.

"ఏంటే వదినా ఈ మర్యాదలు! నాకేమైనా పెళ్లిచూపులా?"

"ముందు తిను వదినా. తర్వాత తాగుదువుగాని," అంది జెరార్ద.

వితీనా చెయ్యి జున్ను దాకా వెళ్లి ఆగిపోయింది. దాని పక్కన సన్నగా తరిగిన పచ్చి సోంపు దుంప ముక్కలున్నాయి. అవెందుకు పెడతారో మా ఊళ్లో పిల్లలకు కూడా తెలుసు. సోంపు నమిలిన నోటికి ఎలాంటి వైన్ అయినా బాగానే ఉంటుంది. చెడిన సరుకును పరాయి ఊరి బేరగాడికి అంటగట్టాలంటే ముందు పెట్టేది దాన్నే.

"నన్ను పట్నం బేరగాణ్ణి చేశావేంటే?" అంటూ వితీనా నవ్వబోయింది.

జెరార్ద నవ్వలేదు. గ్లాసు ముందుకు జరిపింది.

"సవీనో, రొట్టె కొయ్యి," అంది వితీనా నాతో.

రొట్టె నమిలి, గ్లాసు తిప్పి, వాసన చూసి, ఒక గుక్క నోట్లో పట్టింది. నేనూ తాగాను. నల్ల చెర్రీల రుచి ఉంది, పొగ వాసన ఉంది, వాటి వెనక పులుపు సూదిలా గుచ్చింది.

"మా ఆయన పోయాక పీపా పైదాకా నింపుతూ ఉండాలని తోచలేదు. గాలి తగిలింది," అంది జెరార్ద నేల చూస్తూ. "చెప్తే కొనవేమోనని..."

"కొనేదాన్నే! వెనిగర్ చేసుకునైనా వాడుకునేదాన్ని. ఇన్నేళ్లకి నా గురించి నీకు తెలిసింది ఇంతేనా?"

నాకైతే ఆ సోంపు పళ్లెం ఎత్తి గోడకేసి కొట్టాలనిపించింది. వైన్ ఎవరింట్లోనైనా చెడుతుంది. చెప్పుకోలేని సిగ్గు కూడా నాకు అర్థమవుతుంది. కానీ ఆ ముక్కలు తరుగుతున్నంతసేపూ అవి ఎవరి నోటికో జెరార్దకు తెలుసు. తెలిసే అంత సన్నగా తరిగింది.

ఖాళీ జాడీలు మళ్లీ నేనే మోశాను. బట్టీ దగ్గర విడిపోయేటప్పుడు, "కడుపు మండిపోతోంది సవీనో. నన్ను పరాయిదాన్ని చేసేసింది," అంది వితీనా.

పండక్కి వేరే గుహ వైన్ తెప్పించింది. అది కాస్త పలచన, కూర ముందు నిలవలేదు. మధ్యాహ్నం జెరార్ద ఎప్పటిలాగే దొడ్డిదారిన వచ్చింది. వితీనా చేతులు తుడుచుకుంటూ ఎదురెళ్లింది.

"ముందు నుంచి రండి. మీకు బల్ల వేయించాను."

కిటికీ పక్కన కూర్చోబెట్టింది. తెల్లటి గుడ్డ పరిచి, కూరలో మంచి ముక్కలు ఏరి వడ్డించి, గ్లాసు నిండా పోసింది.

"ఏం కావాలన్నా పిలవండి."

"నన్ను అండీ అనకే వదినా." జెరార్ద ఆమె చెయ్యి పట్టుకుంది. "పొయ్యి దగ్గర ఓ ముద్ద పెట్టు, చాలు."

వితీనా చెయ్యి మెల్లగా విడిపించుకుంది.

"వంటిల్లు ఇంటివాళ్లకండీ."

జెరార్ద కూర ముట్టలేదు. ఆ పూట వంటింట్లో వితీనా కూడా ఏమీ తినలేదు.