నాలుగేళ్ల ముందే

నంద్యాలలో ఆళ్లగడ్డ బస్సెక్కాను. పక్క సీట్లో ఒక పెద్దాయన నెలల పాపకు సీసాతో పాలు పట్టిస్తున్నాడు. మనవరాలా అని అడిగాను.

"అవునమ్మా. మా కూతురు నర్సు. ఒక పిల్లోడు ఉండాడు. ఇంగో బిడ్డను కంటే చూసుకునేవాళ్లు యాడుండారు నాయనా, వద్దులే అనె. నాకు హెడ్మాస్టరుగా ఇంగా నాలుగేండ్ల సర్వీసు ఉండె. ముందే రిటైర్మెంటు తీసుకొని, నేను చూసుకుంటాలే అంటి."

"బడి గుర్తుకు రాదా?"

"వస్తాది. ప్రార్థన టయానికి కాళ్లు నిలవవు. ఈమె లేసేది గూడా అప్పుడే."

ఒక మనిషి ఉద్యోగం వదులుకుంటే ఇంకో మనిషి భూమ్మీదికి వచ్చింది. పాప వైపే చూస్తూ ఉండిపోయాను.

మా అమ్మ రిటైరయ్యాక చూసుకుంటుందిలే అని రెండో బిడ్డను వాయిదా వేశాం. ఆమె రిటైరయ్యేనాటికి నాకు నలభై రెండేళ్లు. మాకు ఒక్కడే కొడుకు.

ఆళ్లగడ్డ వచ్చేదాకా పాపను నా ఒళ్లో పడుకోబెట్టమని అడిగాను.